పడుగు ఒకటే

గుంటమగ్గం మీద కూర్చున్న మనిషికి రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి కావాలి. ఒక చేత్తో తాడు లాగితే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తాలి, రెండో చేత్తో పన్నెను దగ్గరకు గుంజి పోగును బిగించాలి, గుంటలో కాళ్లు ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ పడుగు విడదీయాలి. వేటపాలెంలో, చీరాలలో, పందిళ్లపల్లిలో చేనేత ఇళ్ల మధ్య పెరిగినవాళ్లకు ఆ చప్పుడు ఊపిరంత మామూలు. అందుకే నేతగాడికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోతే మగ్గం సగం ఆగదు, మొత్తం ఆగిపోతుంది.

మా పెద్దనాన్న మగ్గం అలాగే ఆగింది. ఓ రోజు పొద్దున్నే కండె అందుకోబోతే చేతిలోంచి జారింది. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ జారింది. మాట ముద్దగా వస్తుంటే పెద్దమ్మ నిద్రమత్తు అనుకుంది. “గాలి తగిలిందే వదినా, కాసేపు పడుకోబెట్టు” అన్నారు పక్కింటివాళ్లు. వీధిలో వైద్యం చేసే మనిషి వచ్చి సూది వేశాడు. “తలలో వాపు తగ్గిద్ది, సాయంత్రానికి లేచి కూర్చుంటాడమ్మా” అన్నాడు. ఆ సూదిలో ఉన్నది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. సాయంత్రం దాకా ఎదురుచూశారు. పెద్దనాన్న లేవలేదు. పెద్దాసుపత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. నరాల డాక్టరు మొదట అడిగిన ప్రశ్న: “ఎన్నింటికి మొదలైంది?” జవాబు విన్నాక ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు స్టెరాయిడ్ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. కానీ పక్షవాతం గురించి చదువుతూ పోతే విచిత్రమైన సంగతి తెలిసింది. ఎలుకల మీద ప్రయోగాలు చేసినవాళ్లు దశాబ్దాలుగా చెబుతున్నది ఏమిటంటే, రక్తం అందక విలవిల్లాడే మెదడును కాపాడే పదార్థాలలో కొన్ని స్టెరాయిడ్ హార్మోన్లే. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, కొంతవరకు టెస్టోస్టెరాన్. ఒకే కుటుంబంలో కాపాడేదీ ఉంది, చెరిచేదీ ఉంది. కాపాడేదాన్ని కూడా మనిషికి మందుగా ఇస్తే ఎందుకో పనిచేయడం లేదు. వయసు మళ్లినవాళ్ల విషయంలో ఈ చిక్కు మరీ గట్టిది.

నేతవాళ్ల మాటల్లో చెప్పాలంటే స్టెరాయిడ్లన్నిటికీ పడుగు ఒకటే, పేక వేరు. నాలుగు ఉంగరాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మూడింటికి ఆరేసి మూలలు, ఒకదానికి ఐదు. మొత్తం 17 కార్బన్ అణువుల పడుగు అది. దాని మీద ఎక్కడ ఏ పోగు చేరిందన్న దాన్ని బట్టి ఒకటి కార్టిసాల్ అవుతుంది, ఒకటి ప్రొజెస్టెరాన్ అవుతుంది, ఇంకొకటి ఉప్పునూ రక్తపోటునూ చూసుకునే ఆల్డోస్టెరాన్ అవుతుంది. మగవారి హార్మోను అని మనం పిలిచే టెస్టోస్టెరాన్‌లో 19 కార్బన్లుంటాయి. ఆరోమటేజ్ అనే ఎంజైము అందులోంచి ఒక్క కార్బన్‌ను తీసేసి ఒక ఉంగరాన్ని కాస్త సవరిస్తే 18 కార్బన్ల ఈస్ట్రాడయాల్ తయారవుతుంది. ఆడవారి హార్మోను అని మనం పిలిచేది దాన్నే. అంత దగ్గరి చుట్టాలు ఇవి. అన్నిటికీ ముడిసరుకు కొలెస్టరాల్. మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు వంతులే అయినా ఒంట్లోని కొలెస్టరాల్‌లో ఐదో వంతుకు పైగా మెదడులోనే ఉంటుంది.

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. ముడిసరుకు అంతగా పోగుపడి ఉన్నచోట సరుకు తయారుకాకుండా ఉంటుందా? స్టెరాయిడ్ హార్మోన్లు అండాశయాల్లో, వృషణాల్లో, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లో మాత్రమే పుడతాయని చాలాకాలం నమ్మారు. 1981లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్-ఎమిల్ బోల్యూ బృందం ఎలుకల్లో ఆ గ్రంథులు తీసేసినా మెదడులో కొన్ని స్టెరాయిడ్లు మిగిలే ఉన్నాయని చూపింది. అంటే మెదడు తన బట్ట తానే నేసుకుంటోంది. వాటికి న్యూరోస్టెరాయిడ్లని పేరు పెట్టారు.

ఆ నేత ఎందుకన్న ప్రశ్న దగ్గర మన ఇంటిపేర్లు కనిపిస్తాయి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంలో రత్నా వడ్లమూడి, గంగాధర రెడ్డి సారెడ్డి, రాజేశ్వర్ రావ్ టేక్మల్ ఈస్ట్రోజెన్ మీద పనిచేసిన శాస్త్రవేత్తలు. వడ్లమూడి అనగానే మనకు గుంటూరు–తెనాలి దారిలోని ఊరు గుర్తొస్తుంది. రొమ్ము కేన్సర్‌లో ఈస్ట్రోజెన్ ఏం చేస్తుందన్నది వీళ్లు ప్రధానంగా పట్టుకున్న అంశం. జార్జియా రాష్ట్రం అగస్టాలో డారెల్ బ్రాన్ బృందం ఈస్ట్రోజెన్ మెదడులో ఏం చేస్తుందని వెతికింది. రెండు బృందాలూ చేతులు కలిపాయి.

వాళ్లు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇది. చిట్టెలుకల ముందుమెదడు నాడీకణాల్లో మాత్రమే ఆరోమటేజ్ లేకుండా జన్యువును తొలగించారు. అండాశయాలు మామూలుగానే ఉన్నాయి, రక్తంలో హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి. మెదడు సొంతంగా నేసుకునే ఈస్ట్రోజెన్ ఒక్కటే ఆగిపోయింది. ముందుమెదడులో ఈస్ట్రాడయాల్ దాదాపు నాలుగింట మూడు వంతులు పడిపోయింది. నాడీకణాల కొమ్మల మీద ఒకదాన్నొకటి అందుకునేందుకు ఉండే చిన్న ముళ్లలాంటి మొలకలు తగ్గాయి, జ్ఞాపకశక్తి తగ్గింది. ఆడ ఎలుకల్లోనే కాదు, మగ ఎలుకల్లోనూ అదే జరిగింది. 2019లో ఈ ఫలితం అచ్చయింది. మరుసటి ఏడాది ఇదే రకం ఎలుకల మెదడుకు కాసేపు రక్తం ఆపి చూశారు. మామూలు ఎలుకలో రక్తం ఆగగానే మెదడులోని ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు మేల్కొంటాయి. అవి తామూ ఈస్ట్రోజెన్ చేయడం మొదలుపెడతాయి, నాడీకణాలను బతికించే పోషక ప్రొటీన్లు విడుదల చేస్తాయి. ఆరోమటేజ్ తీసేసిన ఎలుకల్లో ఆ మేల్కొలుపు సరిగా జరగలేదు. చనిపోయిన కణాలు ఎక్కువయ్యాయి. బయటినుంచి ఈస్ట్రాడయాల్ ఇస్తే చాలావరకు సర్దుకుంది.

ఇది చదివినప్పుడు మనసుకు వచ్చే ఆలోచన ఒక్కటే: మరి మనుషులకూ ఇవ్వొచ్చు కదా?

ఇచ్చి చూశారు. అమెరికాలో పక్షవాతమో, క్షణికంగా వచ్చిపోయే పక్షవాతమో వచ్చిన 664 మంది స్త్రీలకు, సగటు వయసు 71 ఏళ్లు, కొందరికి ఈస్ట్రాడయాల్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి దాదాపు మూడేళ్లు గమనించారు. 2001లో ఫలితాలు వచ్చాయి. పక్షవాతం తిరిగి రావడం తగ్గలేదు. పైగా ఈస్ట్రాడయాల్ తీసుకున్నవారిలో పక్షవాతంతో ప్రాణాలు పోవడం ఎక్కువైంది. మరుసటి ఏడాదే విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. బహిష్టులు ఆగిన 16,608 మంది స్త్రీలు అందులో ఉన్నారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ లాంటి ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవారిలో పక్షవాతం ముప్పు 41 శాతం పెరిగింది. 2004లో గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగాన్నీ ఆపేయాల్సి వచ్చింది. అక్కడా 39 శాతం పెరుగుదల. శాతం పెద్దదిగా కనిపిస్తుంది గానీ, లెక్కకు పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఓ ఎనిమిది, పన్నెండు పక్షవాతాలు అదనం. అయినా ఆరోగ్యంగా ఉండాలని మింగిన మాత్ర చెడు చేసిందంటే ఆ ఎనిమిదీ చిన్నవి కావు.

ప్రొజెస్టెరాన్ కథ ఇంకా బాధ పెడుతుంది. డోనాల్డ్ స్టైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తలకు గాయమైన ఆడ ఎలుకలు మగవాటికంటే బాగా కోలుకుంటున్నాయని గమనించి, దానికి కారణం ప్రొజెస్టెరాన్ అని పట్టుకుని, దశాబ్దాల పాటు దాని వెంటపడ్డారు. వంద మందితో చేసిన తొలి ప్రయోగంలో ఆశ కనిపించింది. తర్వాత రెండు పెద్ద పరీక్షలు జరిగాయి, ఒకటి 882 మందితో, రెండోది 1,195 మందితో. 2014 డిసెంబరులో రెండూ ఒకేసారి అచ్చయ్యాయి. రెండూ విఫలం. అవి తల గాయాలకు చేసిన పరీక్షలు, పక్షవాతానికి కావు. కానీ మెదడును కాపాడే హార్మోను అన్న నమ్మకానికి అక్కడే పెద్ద దెబ్బ తగిలింది.

మగవారి సంగతికొస్తే, టెస్టోస్టెరాన్ నడివయసు నుంచి ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున మెల్లగా తగ్గుతుంది. అది తక్కువై గుండెజబ్బు ముప్పు కూడా ఉన్న 5,200 మందికి పైగా పురుషులతో చేసిన పరీక్ష 2023లో పూర్తయింది. గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి చూస్తే టెస్టోస్టెరాన్ జెల్ వాటిని పెంచలేదు, తగ్గించనూ లేదు. కానీ గుండె లయ తప్పే జబ్బు మాత్రం ఎక్కువగా కనిపించింది. ఆ లయ తప్పడమే వృద్ధుల్లో పక్షవాతానికి పెద్ద కారణాల్లో ఒకటి. పత్రికల్లో “మగతనం తగ్గిందా” అని ప్రకటనలు చూసి సూదులు వేయించుకునే పెద్దవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయలేదు? దీనికి దొరికిన జవాబుల్లో నాకు గట్టిగా అనిపించేది 2011లో బ్రాన్ బృందం నుంచి వచ్చింది. ప్రయోగశాలలో ఎలుక అండాశయాలు తీసేసి వెంటనే ఈస్ట్రోజెన్ ఇస్తే మెదడుకు రక్షణ దొరుకుతుంది. పది వారాలు ఆగి ఇస్తే దొరకదు. ఆ పది వారాల్లో జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్‌లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు విరిగి చెత్తలోకి పోతాయి. తాళం కప్పే పోయాక తాళంచెవి ఎన్నిసార్లు తిప్పితే ఏం లాభం? అదే సమయంలో గర్భాశయంలోని గ్రాహకాలు పదిలంగానే ఉంటాయి. ఎలుక ఆయుష్షులో పది వారాలంటే మనిషికి ఏళ్ల లెక్క. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో చేరిన స్త్రీల సగటు వయసు 63. చాలామందికి బహిష్టులు ఆగి పదేళ్లు దాటింది. 2016లో 643 మంది స్త్రీలతో చేసిన మరో పరీక్ష ఈ వాదానికి కొంత బలం ఇచ్చింది. బహిష్టులు ఆగిన ఆరేళ్లలోపు ఈస్ట్రాడయాల్ మొదలుపెట్టినవారిలో మెడ రక్తనాళం గోడ మందమెక్కడం నెమ్మదించింది, పదేళ్లు దాటాక మొదలుపెట్టినవారిలో నెమ్మదించలేదు. రక్తనాళం మందాన్ని కొలవడం వేరు, పక్షవాతం ఆపడం వేరు. అయినా కాలం తప్పితే మందు మందు కాదన్న మాట మాత్రం రెండు చోట్లా వినిపిస్తోంది.

ఇప్పుడు మన దగ్గరి మాట. ప్రయోగశాలలో ఎలుకలకు అండాశయాలు తీసేసిన పనిలాంటిదే ఆంధ్ర పల్లెల్లో మనుషులకు జరుగుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో 2015–16 సర్వేలో 8.9 శాతం, 2019–21 సర్వేలో 8.7 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణ దగ్గర్లోనే ఉంది. మిరప కోతలకు, పత్తి తీతలకు, జీడిపప్పు బట్టీలకు పోయే ముప్పయ్యేళ్ల మనిషికి తెల్లబట్టనో నడుంనొప్పో వస్తే “పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది, తీసేస్తే పీడా పోతుంది” అనే మాట మన ఇళ్లలో ఎంత తేలికగా వస్తుందో మీకు తెలుసు. హైదరాబాదు వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి ఇలా అక్కర్లేని శస్త్రచికిత్సలు చేయించుకున్న చిన్న వయసు స్త్రీల గోడును లోకానికి చెప్పారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని ఆదేశించింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో పడిపోతుంది. అండాశయాలు ఉంచినా, వాటికి వెళ్లే రక్తం తగ్గి, సగటున నాలుగేళ్లు ముందుగా అవి అలసిపోతాయని ఒక అధ్యయనం చూపింది. అసలే మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకే బహిష్టులు ఆగుతాయి. మూడు లక్షల మందికి పైగా స్త్రీల వివరాలు కలిపి చూసిన పరిశోధనలో నలభై ఏళ్ల లోపే బహిష్టులు ఆగినవారికి గుండెజబ్బు, పక్షవాతం ముందుగా వచ్చే ముప్పు ఎక్కువని తేలింది. ముప్పయ్యేళ్లకు చేసిన ఆపరేషన్ ఖరీదు అరవయ్యేళ్లకు మెదడు కడుతోందన్న మాట. ఏ పరిశోధనా అవసరం లేకుండానే ఇది ఆపదగిన తప్పు. నిజంగా అవసరమై తక్కువ వయసులో అండాశయాలు తీయాల్సి వస్తే, సహజంగా ఆగే వయసు వరకు హార్మోను ఇవ్వాలా అన్నది అప్పుడే డాక్టరుతో మాట్లాడుకోవలసిన విషయం. పక్షవాతం వచ్చాక మాట్లాడేది కాదు.

ఇక పెద్దనాన్నకు వేసిన సూది దగ్గరకు వస్తాను. డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటివి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనుకు మనుషులు చేసిన నకళ్లు. డెక్సామెథసోన్ బలం కార్టిసాల్‌కు పాతిక రెట్లు. ఈ మందుల కీర్తి ఊరికే రాలేదు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచానపడిన ఒక స్త్రీకి కార్టిసోన్ ఇస్తే రోజుల్లోనే లేచి నడిచింది. ఆ పనికి ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, తాడియస్ రైష్‌టైన్‌లకు 1950లో నోబెల్ వచ్చింది. 2020లో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన కోవిడ్ రోగుల ప్రాణాలు నిలబెట్టింది కూడా డెక్సామెథసోనే. అదే మందును అక్కర్లేనివాళ్లూ, చక్కెర జబ్బు ఉన్నవాళ్లూ ఇష్టం వచ్చినట్టు వాడితే మరుసటి ఏడాది బ్లాక్ ఫంగస్ ఎన్ని కళ్లు తీసిందో మనం చూశాం.

మెదడులో వాపు అంటే తగ్గించాలి, తగ్గించడానికి స్టెరాయిడ్ ఉంది కదా అన్న తర్కం పైకి బాగానే ఉంటుంది. మెదడులో కణితి ఉన్నప్పుడు అది నిజమే కూడా. కణితి చుట్టూ రక్తనాళాలు కారి నీరు చేరుతుంది, స్టెరాయిడ్ ఆ కారడాన్ని తగ్గిస్తుంది. పక్షవాతంలో తొలి గంటల్లో వాపు అలాంటిది కాదు. రక్తం అందక, శక్తి లేక, కణం తనలోకి వచ్చే ఉప్పునూ నీటినీ బయటికి తోడుకోలేక తానే ఉబ్బుతుంది. నానబెట్టిన శనగగింజ ఉబ్బినట్టు. అక్కడ స్టెరాయిడ్‌కు పని లేదు. ఎనిమిది పరీక్షల్లోని 466 మంది రోగుల వివరాలు కలిపి 2011లో సమీక్షిస్తే ప్రాణాలు కాపాడినట్టుగానీ, కోలుకునేలా చేసినట్టుగానీ కనబడలేదు. తలగాయాల్లో అయితే ఇంకా ఘోరం. 10,008 మందితో చేసిన పరీక్షలో స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లో 21.1 శాతం మంది చనిపోయారు, ఇవ్వనివారిలో 17.9 శాతం. 2004లో ఆ లెక్క బయటపడేవరకు చాలాచోట్ల అది మంచి వైద్యమనే అనుకున్నారు. చైనాలో 1,680 మందితో చేసి 2024లో వెలువరించిన పరీక్ష ఒకటి కాస్త వేరే మాట చెప్పింది. మెదడులోని పెద్ద రక్తనాళంలో ఇరుక్కున్న రక్తపు గడ్డను సన్నటి తీగతో బయటికి లాగిన రోగులకు వెంటనే తక్కువ మోతాదులో మిథైల్ ప్రెడ్నిసలోన్ ఇస్తే, కోలుకునే తీరులో తేడా కనిపించలేదు గానీ మరణాలు కొంత తగ్గాయి. అది గడ్డ తీసే సదుపాయం ఉన్న ఆసుపత్రిలో, స్కానింగు చూసి చేసిన పని. వీధి సూదికి అది సాకు కాదు.

సూది కంటే మెల్లగా పనిచేసే చెడు ఇంకొకటి ఉంది. గుంటమగ్గంలో ముప్పయ్యేళ్లు తొక్కిన మోకాళ్లు నొప్పి పెట్టకుండా ఉండవు. కింద కూర్చుని జీడిపప్పు పొట్టు ఒలిచే ఆడవాళ్ల నడుములూ అంతే. పొట్లంలో రెండు మూడు మాత్రలు కలిపి ఇస్తారు, వేసుకున్న పూటే నొప్పి మాయం. వాటిలో తరచూ ఉండేది స్టెరాయిడే. నెలల తరబడి మింగితే రక్తపోటు పెరుగుతుంది, చక్కెర పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, తొడ కండరాలు కరుగుతాయి, ఎముక గుల్లబారుతుంది. రక్తపోటూ చక్కెరా పక్షవాతానికి సగం దారి వేస్తే, కరిగిన కండరం తర్వాత కోలుకునే దారిని మూసేస్తుంది. అంతకంటే ప్రమాదం, ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు బయటి సరుకుకు అలవాటుపడి తమ నేత మానేస్తాయి. అలాంటి మనిషి మాత్ర ఒక్కసారిగా ఆపేసినా, జబ్బుపడి మింగలేకపోయినా రక్తపోటు పాతాళానికి పోయి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇది చదివి ఎవరూ తమంతట తాము మాత్రలు ఆపొద్దు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా దించాలి.

మన ప్రాంతంలో ఈ జబ్బు చిన్నది కాదు. రెండు గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాల కారణాలు ఇంటింటా అడిగి తెలుసుకుని 2006లో ప్రచురిస్తే, మూడింట ఒక వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే అని, వాటిలో గుండెపోటూ పక్షవాతమూ దాదాపు సరిసమానమని తెలిసింది. ఆంధ్రలో మనిషి రోజుకు తినే ఉప్పు సగటున తొమ్మిదిన్నర గ్రాములని ఇంకో అధ్యయనం కొలిచింది. ఐదు గ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చినగంజాం ఉప్పు కొఠార్లు పక్కనే ఉన్నాయి, గుంటూరు మిరప పక్కనే ఉంది, ఊరగాయ లేనిదే మనకు ముద్ద దిగదు. చాలామందికి రక్తపోటు ఉందన్న సంగతే పక్షవాతం వచ్చాక తెలుస్తుంది.

వచ్చాక ఏం చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే హార్మోను మాత్రల కోసం ఎదురుచూసే ఈ రోజుల్లోనే నిజంగా పనిచేసేవి ఉన్నాయి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. వైద్యం ఆలస్యమైన ప్రతి నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా. గడ్డ అడ్డుపడిందో, నాళం చిట్లి రక్తం కారిందో సిటి స్కాన్ తీయకుండా ఎంతటి వైద్యుడూ చెప్పలేడు. అందుకే ఇంట్లో ఏ మాత్రా ఇవ్వకూడదు, ఏ సూదీ వేయించకూడదు. పావురం రక్తం పూయడం, పసరు పోయడం అంటూ తిప్పే ప్రతి గంటా ఆ నాలుగున్నరలోంచే పోతుంది. వేటపాలెం నుంచి ఒంగోలుగానీ గుంటూరుగానీ రెండు గంటల లోపు దారి. పెద్దనాన్నకు పొద్దున ఏడింటికి చెయ్యి జారింది. తొమ్మిదింటికల్లా ఎక్కడో ఒక పెద్దాసుపత్రి గుమ్మంలో ఉండొచ్చు.

కోలుకోవడం గురించి ఒక్క మాట. మెదడు తెగిన పోగులను మళ్లీ అతికించుకునేది ఎక్కువగా తొలి మూడు నెలల్లో. తర్వాత మెల్లగా సాగుతుంది, ఆగిపోదు. ఆ అతుకును పురిగొల్పేది చేసే పనే. మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేత్తోనే పనులు చేయించే పద్ధతిని పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందితో పరీక్షించి 2006లో మేలు నిరూపించారు. అయితే తొందర కూడా పనికిరాదు. మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువసేపు నడిపిస్తే ఫలితం తగ్గిందని 2,104 మందితో చేసిన పరీక్ష 2015లో చెప్పింది. ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలత ప్రకారం పోవాలి. మా పెద్దమ్మ ఆరు నెలలు రోజూ పళ్లెంలో జీడిపప్పు బద్దలు పోసి పెద్దనాన్న కుడిచేత్తో ఒక్కొక్కటి ఏరించేది. బద్ద జారినప్పుడల్లా ఆయన కళ్లలో నీళ్లు వచ్చేవి, ఆవిడ మళ్లీ పోసేది. మగ్గం ఎక్కలేదు గానీ అన్నం తానే కలుపుకుని తినేవాడు. 1918లో పుట్టిన మా వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి చేతికర్రతో నడిచివెళ్లి పేపరు చదువుకునేవాడు. గాంధీజీ చేతికర్ర దాచిన అద్దాలపెట్టె ముందు కాసేపు నిలబడి, తన కర్ర వైపు చూసుకుని వచ్చేవాడట.

శాన్ ఆంటోనియోలో, అగస్టాలో జరిగిన పని ఏదో ఒక రోజు మందుగా మారవచ్చు. రొమ్మునూ గర్భాశయాన్నీ తాకకుండా మెదడులో మాత్రమే ఈస్ట్రోజెన్ పనిచేసే దారి శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. ఆ మందు రేపో మాపో వస్తుందని ఎవరైనా మీకు అమ్మబోతే నమ్మకండి. ఈ రోజుకు పక్షవాతం నుంచి కోలుకోవడానికి స్టెరాయిడ్ హార్మోను ఏదీ ఆమోదించిన వైద్యం కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారా? ఈ రాత్రి వాళ్లు మింగే మాత్రల పొట్లం తెరిచి చూడండి. పేరు లేని మాత్ర ఉంటే పొట్లంతో సహా డాక్టరుకు చూపించండి. రక్తపోటు కొలిపించండి. ఒకరోజు పొద్దున్నే ముఖం ఒక పక్కకు జారినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ముందు గోడగడియారం చూసి టైము రాసిపెట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఆ మాత్రల పొట్లం కూడా అంబులెన్సులో వెంట తీసుకెళ్లండి.